ముల్లంగుల హాజరు

సాయంత్రం నాలుగింటికి వచ్చినా షిజుయో, అక్కడి ఆనవాయితీ ప్రకారం, స్టూడియోలో అందరికీ శుభోదయమే చెబుతుంది. నలభై ఏళ్లుగా టోక్యోలో యానిమే బొమ్మల సినిమాలకు డబ్బింగ్ చెబుతోంది. మైకు గుడ్డల రాపిడిని కూడా పట్టేస్తుందని, ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చొక్కాయే వేసుకుంటుంది. చప్పుడు కాకుండా తిప్పడానికి స్క్రిప్టు పేజీల మూలలు ఇంట్లోనే మడిచి తెచ్చుకుంటుంది. ఈసారి ఆమెది, మనుషులంతా అయిపోయాక మిగిలిన ఆఖరి పంతులమ్మ పాత్ర. ఆ పంతులమ్మ టోపీలు పెట్టిన ముల్లంగుల్ని బెంచీల మీద కూర్చోబెట్టి హాజరు పిలుస్తుంది. పేర్లు మీ ఇష్టం అని స్క్రిప్టులో ఉంది.

"కిచిజీ... మాత్సుఎ... తోమెకిచి..." అంటూ ఆమె నింపాదిగా పదిహేడు పేర్లు పిలిచింది. అద్దం అవతలి నుంచి దర్శకుడు హోరియే నవ్వాడు. "భలే తాతల కాలం పేర్లండీ, అన్నీ ముదురు ముల్లంగులే! కానీ షాటు పది సెకన్లే. ఆరు పేర్లుంచి మిగతావి తీసేయండి."

"వాళ్లు మా కొండ ఊరి బడిలో నా క్లాసువాళ్లు నాయనా. ఇప్పుడా బడీ లేదు, ఊరూ లేదు. ఎవర్ని తీసెయ్యమంటావు?"

హోరియే తల గోక్కున్నాడు. "సరే, పది సెకన్లలో ఎన్నయినా పిలవండి. ఊపిరాడక పడిపోతే నా పూచీ లేదు."

ఆమె గోరువెచ్చటి నీళ్లు ఒక గుక్క తాగి, పదిహేడు పేర్లూ గుక్కతిప్పుకోకుండా పిలిచేసింది. అద్దం అవతల అందరూ పడీ పడీ నవ్వారు. ఇంకో అర సెకను మిగిలింది. షిజుయో తలెత్తి, ఎవరైనా పలుకుతారేమోనని ఆగింది.