యాదగిరన్న లిఫ్టు

దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణంలో పొద్దంతా పరుపు మీద కూర్చుని చీరలు చూపించే ఉద్యోగం నాది. షుగరొచ్చింది, నడవమన్నాడు డాక్టర్. సాయంత్రం ఎల్బీనగర్‌లోని ఇంటికి నడిచే బయల్దేరాను. కొత్తపేటలో పక్కింటి యాదగిరన్న స్కూటర్ ఆపాడు.

“ఏందన్నా, బండి ఖరాబైందా? ఎక్కు!”

“లేదన్నా, వాకింగ్ చేస్తున్న.”

“నా బండెక్కనీకి నామోషీయా?”

ఆయన ముఖం చిన్నబోయింది. ఎక్కేశాను. మర్నాడూ అదే తంతు. ఆ తర్వాతి రోజు ముఖానికి రుమాలు కట్టుకుని, ఆయన హారన్ వినపడగానే పరుగందుకున్నాను. వెంటపడి మరీ పట్టుకున్నాడు.

“గింత ఉరుకుతున్నవంటే ఏదో అర్జంటే ఉంటది. జల్ది ఎక్కు!”

రొప్పుతూ ఎక్కాను.

ఇప్పటికీ రోజూ ఆయనకు దొరక్కుండా, స్కూటర్ పట్టని సందుల్లోంచి పరుగెడుతూనే ఉన్నాను. షుగర్ తగ్గిందని మొన్న డాక్టర్ మెచ్చుకుంటే, ఆ పుణ్యం మా పక్కింటాయనదేనన్నాను.