ముద్ర లేని వీసాతో లిలువా నుంచి సింగపూర్‌కి

మా వదిన రాహేలమ్మకు గురువారం గుండె ఆపరేషన్ అని సింగపూర్ నుంచి ఫోను వచ్చింది. మా ఆవిడ మార్తమ్మకు తల్లి చిన్నప్పుడే పోతే ఎత్తుకుని పెంచింది ఈ అక్కే. భర్తకు ఓడల యార్డులో పని దొరకడంతో ఆవిడ ఏనాడో అక్కడ స్థిరపడిపోయింది. "బల్ల ఎక్కకముందే ఒక్కసారి అక్క ముఖం సూడాలండీ. ఆ తర్వాత దేవుడి సిత్తం" అంది మార్తమ్మ. ఇది 2010 నాటి సంగతి. పాస్‌పోర్టులు మా అమ్మాయి సునీత అంతకుముందే చేయించి ఉంచింది. కావలసిందల్లా వీసా. నా బుర్ర తిరగడం అక్కడే మొదలైంది.

వీసా అంటే ఏదో ఆఫీసు ముందు వరసలో నిలబడాలి, పాస్‌పోర్టులో ఇంత ముద్ర కొట్టించుకోవాలి అనుకున్నాను. అదేమీ లేదట. మా తోడల్లుడు అక్కడినుంచే కంప్యూటర్లో దరఖాస్తు పెట్టాడు, ఫీజు ఆరేడు వందలు తనే కట్టాడు. మేము పంపినవి ఫోటోలు, పాస్‌పోర్టు మొదటి పేజీ, అంతే. నాలుగో రోజుకి మెయిల్ వచ్చింది. స్టేషన్ దగ్గర సైబర్ కేఫ్‌లో పేజీకి ఐదు రూపాయలిచ్చి సునీత ఇద్దరివీ ప్రింటు తీసింది. చూద్దును కదా, రెండు తెల్ల కాగితాలు! ముద్ర లేదు, సంతకం లేదు. ముప్పై నాలుగేళ్ళు కలకత్తా పక్కన ఈ లిలువాలోనే రైల్వే గుమాస్తాగా చేసినవాణ్ణి. పాసు మీద ముద్ర సరిగ్గా పడకపోతే విజయనగరం కూడా బయల్దేరని ఇల్లు మాది.

"ఇందులో అసలేది, నకలేదమ్మా?" అని అడిగాను.

"అసలంటూ ఏదీ లేదు నాన్నా. నీ పేరు, పాస్‌పోర్టు నంబరు వాళ్ళ కంప్యూటర్లో రాసి ఉంటాయి. ఇది ఊరికే చూపించడానికి. వందసార్లు ప్రింటు తీసినా వందా ఒకటే."

"అసలే లేనిదానికి నకలెక్కణ్ణుంచి వచ్చిందే?"

సునీత తల పట్టుకుంది. మార్తమ్మ మాత్రం, "ఓసోస్, దీనికేటి ఇంత గొడవ? పరలోకంలో దేవుడి జీవగ్రంథంలో పేరు రాసున్నట్టే గదా. అక్కడుంటే సాలు" అని తన కాగితం మడిచి బైబిల్లో పెట్టేసుకుంది.

నాకు మింగుడు పడలేదు. మర్నాడు మా రిటైరైనవాళ్ళ సంఘం సెక్రటరీ అప్పన్న దగ్గరికి పట్టుకెళ్ళాను. "ముద్ర నేకుండా ఏటి కాగితంరా బావూ ఇది?" అన్నాడు వాడు కూడా. ఇద్దరం ఒక్క బడిలోనే చదువుకున్నాం మరి. ఊదారంగు గుండ్రటి ముద్ర గట్టిగా అదిమి, పక్కన సంతకం పెట్టాడు. ప్రాణం లేచొచ్చింది. మార్తమ్మది కూడా అడిగితే, "నా దానిమీద సెయ్యెయ్యకండి" అంది. మొండిఘటం అని తిట్టుకున్నాను.

బుధవారం రాత్రి ఎనిమిది నలభైకి విమానం. ఆ రోజు ఊళ్ళో పెద్ద ఊరేగింపు. "దాదా, హౌరా బ్రిడ్జి వైపు అన్నీ ఎర్రజెండాలే" అని టాక్సీ డ్రైవరు బాలీ మీదుగా, బెల్‌ఘరియా రోడ్డు పట్టుకుని ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళాడు. మూడు వందల యాభై తీసుకున్నాడు. నాలుగున్నరకి లిలువాలో ఎక్కితే ఐదున్నరకి దించాడు.

కౌంటర్లో కుర్రాడు మార్తమ్మ కాగితం చూసి బోర్డింగ్ పాస్ చేతికిచ్చాడు. నాది పైకెత్తి వెలుతురుకి పెట్టి, "కాకూ, ఎటా కీసేర్ ఛాప్?" అన్నాడు. ఇదేం ముద్ర అని. గర్వంగా చెప్పాను. వాడు పై అధికారిణిని పిలిచాడు. ఆవిడ హిందీలో నెమ్మదిగా చెప్పింది: ముద్ర నా పాస్‌పోర్టు నంబరు మీద పడింది, చూసినవాళ్ళు కాగితం దిద్దారనుకుంటారు, ముద్ర లేనిది తెస్తే పంపిస్తాం.

ముద్ర లేదని ఆపితే అర్థముంది. ఉందని ఆపడమేమిటి? ఎంత ఆలోచించినా నాకు తలా తోకా తెలియలేదు.

సునీత సాల్ట్ లేక్‌లో ఆఫీసులో ఉంది. ఫోను చేస్తే, "అయ్యో నాన్నా!" అని ఒక్క మాట అని అక్కడే కొత్త ప్రింటు తీసి పట్టుకుని టాక్సీ ఎక్కింది. మామూలుగా అరగంట దారి. ఊరేగింపు వల్ల ఉల్టాడాంగా దగ్గరే ఇరుక్కుపోయింది. కౌంటర్ ఏడు నలభైకి మూసేస్తారు. ఏడున్నరైంది. అక్క ముఖం చూడాలన్న మనిషిని నా చేతులతో నేనే ఆపేశాననుకుంటూ గుమ్మానికీ కౌంటర్‌కీ మధ్య తిరుగుతున్నాను.

"నేనెల్తాను" అంది మార్తమ్మ.

ఆవిడ ఒక్కతే వెళ్ళిన దూరమల్లా మా పక్కనే సంత్రాగాఛిలో ఉన్న తమ్ముడిల్లు.

"ఒక్కదానివా? ఇంగ్లీషు ముక్క రాదే నీకు!"

"రాకపోతే ఏటి? నా పేరు అక్కడుందంట గదా. మీరు రేపు రండి" అని బైబిలు చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ వీపు చూస్తూ నేను నిలబడిపోవడం అదే మొదటిసారి. సిగ్గేసింది, భయమేసింది. సునీత ఎనిమిదికి పదినిమిషాల ముందు పరుగున వచ్చింది. అప్పటికే కౌంటర్ మూసేశారు. నా టికెట్టు మర్నాటికి మార్పించుకుని ఇంటికెళ్ళాం.

గురువారం ఉదయం ఫోను. "ఇమానం దిగినకాడ ఆయన కాగితం సరిగా సూడనేలేదండీ. కంప్యూటర్లో సూసి నవ్వి పంపేసినాడు. పొద్దున్నంతా అక్క కాడే కూకున్నాను. తల దువ్వి జడేసినాను. ఇప్పుడే లోనికి తీసుకెళ్ళినారు." ఫోను సునీతకిచ్చేశాను.

శుక్రవారం తెల్లవారేసరికి నేనూ చేరుకున్నాను. శనివారం వదిన కళ్ళు తెరిచింది. మార్తమ్మ అంతా చెప్పేసిందేమో, నన్ను చూసి, గాలిలాంటి గొంతుతో, "ఏటి మరిదీ, ముద్ర పడిందా?" అంది. అందరూ నవ్వారు. నేను ఏడ్చాను.

ఆ కాగితం సంగతి నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. కానీ ఇద్దరి కాగితాల మీదా ముద్ర కొట్టించి ఉంటే మార్తమ్మ చేరేసరికి అక్క ఆపరేషన్ అయిపోయి ఉండేది, ఆ జడ పడేది కాదు. అది మాత్రం బాగా అర్థమైంది. ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకి ఒక్క మాట: ప్రింట్లు రెండేసి తీయించండి, వాటిమీద ముద్ర కాదు కదా పెన్సిలు గీత కూడా పడనివ్వకండి, రెండూ మీ ఆవిడ చేతికిచ్చెయ్యండి.