లాట్వియాకు రాయవలసిన కార్డు

మా మరిది పోయిన కబురు పోస్టుమాస్టరు గారు తెచ్చారు. మరిది పొదిలిలో కూతురింటికి వెళ్ళి ఉన్నారు, ఆ అమ్మాయే పోస్టాఫీసుకు ట్రంకాల్ చేసిందట. పోస్టుమాస్టరు గారు సైకిలు కూడా తీయకుండా నడిచి వచ్చి, గుమ్మంలో నిలబడి, ముందు ఒక పోస్టుకార్డు నా చేతిలో పెట్టారు. "లాట్వియా నుంచి వచ్చిందండి," అన్నారు. తలుపు పట్టుకున్నారు. అప్పుడు చెప్పారు. "ప్రెసిడెంటు గారు తెల్లవారుజామున పోయారమ్మా. నిద్రలోనేనట."

కళ్ళజోడు పెట్టుకుని కార్డు మీద అందిన తేదీ వేశాను. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పని, చెయ్యి దానంతట అదే చేసింది. ఆ తరువాత కూర్చున్నాను.

ఊరికి ఆయన మూడు విడతలు పంచాయతీ ప్రెసిడెంటు. నాకు మా వారి తమ్ముడు. నేను మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. మా వారు పోయాక మరిది వాళ్ళ పక్క ఇంట్లోనే ఉంటున్నాను. నేను గట్టి మనిషినని ఊళ్ళో పేరు. నాకు భయపడని వాళ్ళలో ఆయన ఒకరు.

ఆయన చదరంగం కాలక్షేపానికి ఆడేవారు కాదు. పోటీలకు వెళ్ళేవారు. పంచె కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని, నల్లపాడులో రైలెక్కి గుంటూరు వెళ్ళేవారు, చీరాల వెళ్ళేవారు. చీరాల వెళితే వేటపాలెం జీడిపప్పు పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టేవారు. గెలిస్తే ఉప్పువి, ఓడితే ఉత్తవి. ఫలితం నేను ఎప్పుడూ అడగలేదు, పొట్లం విప్పి చూసేదాన్ని.

ఒకసారి చీరాల పోటీలో గుంటూరు కాలేజీ కుర్రవాడొకడు ఎదురు కూర్చుని, "తాతా, ఇది పులిజూదం కాదు," అన్నాడట. "తెలుసులేరా అబ్బాయ్. పులిజూదమైతే ఈపాటికి నువ్వు మేకవి," అన్నారట ఈయన. ఆ పూట ఉప్పు జీడిపప్పు రాలేదు కానీ, నవ్వుతూనే వచ్చారు.

ఆయనకొక అలవాటు ఉండేది. కష్టమైన ఎత్తు వచ్చినప్పుడు లేచి వెళ్ళి, ఎదుటివాడి వెనక నిలబడి బల్లను చూసేవారు. "మన కుర్చీలోంచి చూస్తే మనమే గెలుస్తున్నట్టు ఉంటుంది వదినా," అనేవారు. పంచాయతీ ఆఫీసులోనూ అదే పద్ధతి. ఒక ఏడు మిరపకాయలు ఆరబోసిన కల్లం దారికి అడ్డం వచ్చిందని ఊరి చివర పల్లెవాళ్ళకూ ఒక పెద్ద రైతుకూ తగాదా వచ్చింది. చర్చికి పోవాలన్నా, పొలానికి పోవాలన్నా పల్లెవాళ్ళకు అదే దారి.

"నా కాయ తొక్కుకుంటా పోతే ఊరుకోమంటావా ప్రెసిడెంటూ?" అని రైతు అరిచాడు.

"మరి గాల్లో నడిచి పోమంటావా పెద్దాయనా? రెక్కలు కొనిపెట్టు, ఎగిరిపోతాం," అంది పల్లె నుంచి వచ్చిన కూలీ మనిషి.

మా మరిది ఇద్దర్నీ లేపి బెంచీలు మార్చి కూర్చోబెట్టారు. "ఇప్పుడు అవతలి మనిషి మాట నువ్వు చెప్పు," అన్నారు. రైతు చాలాసేపు గొణిగాడు. చివరికి, "చంకలో బిడ్డని పెట్టుకుని చుట్టూ తిరిగి పోవాలంటే మైలు దూరం," అన్నాడు. ఆవిడ, "మబ్బు పట్టిందంటే నా ఏడాది కష్టం ఏం కాను," అంది. కల్లం మధ్యన రెండు బారల దారి వదిలారు. ఆ దారి ఇప్పటికీ ఉంది.

లాట్వియా సంగతి చెప్పాలి. పోస్టుకార్డుల మీద చదరంగం ఆడే పోటీలు ఉంటాయి. ఆటగాడు తన ఎత్తు కార్డు మీద రాసి పంపుతాడు, అవతలి దేశం నుంచి జవాబు వస్తుంది. ఒక్క ఆట రెండేళ్ళు, మూడేళ్ళు నడుస్తుంది. భాష అక్కర లేదు. ప్రతి గడికీ రెండంకెలు. ఏ గడి నుంచి ఏ గడికి అన్నది నాలుగంకెల్లో రాస్తే చాలు. మా మరిదికి చెయ్యి వణుకు. మొదట ఆయన రాసిన కార్డు చదవలేక ఎవరో తిప్పి పంపారు. అప్పటి నుంచి రాత నాకు వచ్చింది.

రాత నా చేతికి వస్తే పద్ధతిగా ఉండాలి. పొడుగాటి పుస్తకం తెరిచాను. కార్డు అందిన తేదీ, జవాబు వేసిన తేదీ, ఆలోచనకు పట్టిన రోజులు, వేసిన ఎత్తు. పది ఎత్తులకు ముప్పై రోజులే గడువు. ఎన్నికల హడావుడిలో ఒకసారి కార్డు ఆయన జేబులోనే తొమ్మిది రోజులు ఉండిపోయింది.

"వదినా, నిన్ననే అందిందని రాయకూడదూ?" అన్నారు.

నేను కలం కింద పెట్టాను.

"వద్దులెండి. అడిగితే ఏమంటారోనని అడిగాను," అని నవ్వేశారు. తొమ్మిదే రాశాను.

లాట్వియా ఆయన సోవియట్ దేశంలో ఒక చిన్న ఊరివాడు. ఆ ఊరి కౌన్సిలులో మెంబరు. కార్డు మూలన పొడిపొడి ఇంగ్లీషులో ఒకటి రెండు ముక్కలు రాసేవాడు. ఒకసారి, "ఈ రోజు కౌన్సిలులో నీళ్ళ పైపుల మీద అయిదు గంటలు మాట్లాడాము. అలసిపోయాను," అని రాశాడు. నేను చదివి చెబితే మా మరిది పొట్ట పట్టుకుని నవ్వారు. "అక్కడా పైపులేనా! రాయండి వదినా, మాకు పైపులు ఇంకా రాలేదు, మాట్లాడుకోవడం మాత్రం అయిదు గంటలు దాటింది అని." అప్పటి నుంచి ఎత్తు కింద వాళ్ళిద్దరి మీటింగుల సంగతులు కూడా నేనే రాసేదాన్ని. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"అర్జీకి జవాబు ఆలస్యమైతే ఊరంతా తిడుతుంది వదినా. నా కార్డు ఆలస్యమైతే ఒంట్లో బాగుందా అని అడిగేది ఈయన ఒక్కడే," అన్నారొకసారి.

ఇక రాయవలసింది రాస్తాను. దీని కోసమే కలం పట్టాను.

ఒక పోటీలో ఆయనా లాట్వియా ఆయనా ఒకే గుంపులో పడ్డారు. మొదట వచ్చినవాడు పై పోటీకి వెళతాడు. మిగతా ఆటలు అయిపోయాయి, ఈ ఒక్క ఆట మిగిలింది. మా మరిదిది పై చెయ్యి. పై పోటీకి వెళ్ళాలన్నది ఆయనకు ఇరవై ఏళ్ళ కోరిక. ఎన్నికల్లో గెలిచినప్పుడు కూడా ఆయన అంత ఆశగా లేరు.

ఆ ఏడు పత్తి తెల్లదోమకు పోయింది. పొద్దున్నుంచీ అరుగు మీద రైతులే. కరణాల ఉద్యోగాలు తీసేశాక ఊళ్ళో లెక్క రాసేవాళ్ళు లేరు. నష్టపోయిన వాళ్ళ పేర్లూ సర్వే నంబర్లూ నేనే రాశాను, మూడు రోజులు. మూడో రోజు సాయంత్రం ఆయన నలుగురి మధ్య నుంచి చెయ్యి చాపి కాగితం ముక్క ఇచ్చారు. అందులో 7274 అని ఉంది. బంటు రెండు గళ్ళు ముందుకు. వణికిన చేత్తో రాసినా అంకెలు స్పష్టంగానే ఉన్నాయి. నేను కార్డు రాశాను, పుస్తకంలో ఎక్కించాను, కార్డు డబ్బాలో వేయించాను.

నెలన్నరకు జవాబు వచ్చింది. అందిన ఎత్తును తిరిగి రాసి, దాని కింద తమ ఎత్తు రాయడం ఆనవాయితీ. లాట్వియా ఆయన రాసింది 7273. పుస్తకం తీశాను. అందులో 7274 అనే ఉంది. కార్డు మీద మాత్రం నా చెయ్యి మూడు వేసింది. బంటు రెండు గళ్ళు కాక ఒక్క గడే కదిలింది. అదీ చెల్లే ఎత్తే, రాసి పంపితే వేసినట్టే. ముప్పై నాలుగేళ్ళు పిల్లల పేపర్లలో తప్పులకు ఎర్రగీతలు గీసిన చెయ్యి నాది.

కార్డు మూలన ఆయన ఇలా రాశాడు. "జవాబు రాసే ముందు ఒక రోజు ఆగాను. ఇది కలం పొరపాటయితే చెప్పండి, సరిదిద్దుకుందాం."

మా మరిది బల్ల చూశారు, కార్డు చూశారు, పుస్తకం చూశారు. నన్ను మాత్రం చూడలేదు.

"పొరపాటని రాస్తాను," అన్నాను. "నా తప్పని రాస్తాను."

"వద్దు వదినా. వెళ్ళిన ఎత్తు వెళ్ళింది. ఆట సాగించమని రాయండి."

"నీ ఇరవై ఏళ్ళ ఆశ పోతుందయ్యా."

"నా సంతకం పడ్డ తీర్మానాలు ఎన్ని తప్పుగా వెళ్ళలేదూ? అప్పుడు గుమాస్తా రాశాడన్నానా?"

ఆట పోయింది. లాట్వియా ఆయన పై పోటీకి వెళ్ళాడు. గుంటూరులో ఆటగాళ్ళు అడిగితే మా మరిది, "వయసు మీద పడిందిరా, కన్ను ఒక గడి తప్పింది," అని చెప్పుకున్నారు. "ప్రెసిడెంటు గారు నిద్రలో ఆడుతున్నారు," అని వాళ్ళు మా అరుగు మీదే నవ్వారు. నేను లోపల ఉండి విన్నాను. బయటికి రాలేదు.

పై వారం కొత్త కార్డు తెచ్చి నా ముందు పెట్టారు. లాట్వియా ఆయనతో పోటీ లేని ఆట, స్నేహంగా. "ఇంకెవరి చేతనైనా రాయించుకో," అన్నాను. "ఎప్పుడూ తప్పనివాళ్ళంటే నాకు భయం వదినా. ఒకసారి తప్పినవాళ్ళు చూసి రాస్తారు. రాయండి," అన్నారు. రాశాను. నాలుగేళ్ళుగా ప్రతి అంకె రెండుసార్లు చూసి రాశాను.

జ్ఞాపకార్థ కూడికకు గుంటూరు నుంచి ఆటగాళ్ళు వచ్చారు. తాతా అన్న కుర్రవాడు ఇప్పుడు ఉద్యోగస్థుడు, నెత్తిన జుట్టు పలచబడింది. కళ్ళనీళ్ళతోనే మాట్లాడాడు. "ఆ ఒక్క బంటు దగ్గర పొరపాటు పడకపోతే మన ప్రెసిడెంటు గారు పై పోటీకి వెళ్ళేవారు," అన్నాడు. అందరూ తలలూపారు. నేను ముందు వరుసలోనే ఉన్నాను. పాస్టరు గారు, "అమ్మగారూ, మీరు రెండు మాటలు," అన్నారు. గొంతు బాగాలేదన్నాను. గొంతు బాగానే ఉంది.

ఆ పొరపాటు ఆయనది కాదు, నాది. ఆయన ఉండగా చెప్పనివ్వలేదు, పోయాక చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను. చదివినవాళ్ళు ఆ రోజు తలలూపినవాళ్ళకు చెప్పండి.

లాట్వియాకు కూడా కార్డు రాశాను. మూడు కార్డులు పాడయ్యాయి. ఆయన పోయారని ఒక వాక్యం, ఆనాటి 7273లో చివరి మూడు నా చెయ్యి వేసిందని ఒక వాక్యం. ఇంకేమీ పట్టలేదు. పోస్టుమాస్టరు గారు కార్డు తీసుకుని, బరువు చూసే పని లేకపోయినా కాసేపు చేతిలో పట్టుకున్నారు.

మా మరిది పోయిన రోజు పోస్టుమాస్టరు గారు తెచ్చిన కార్డు మీద ఒక ఎత్తూ, కింద రెండు ముక్కలూ ఉన్నాయి. "కౌన్సిలు నుంచి తప్పుకున్నాను. ఇక తీరిక ఉంది. మీరు కూడా నిదానంగా ఆలోచించండి." మా మరిది వచ్చేసరికి బల్ల మీద అవతలి ఎత్తు పెట్టి ఉంచడం నా పని. ఆ రోజు కూడా పెట్టాను.

ఇది మిరపకాయల కాలం. కల్లాల మీది నుంచి ఎర్ర దుమ్ము లేచి అరుగంతా పడుతోంది, చదరంగం బల్ల మీద కూడా. పొద్దున్నే తుమ్ముతూ తుడుస్తాను. ఒక్కొక్క పావునూ తీసి, కింద గడి తుడిచి, ఏ గడిదో రెండుసార్లు చూసుకుని, తిరిగి అక్కడే పెడతాను. ఇప్పుడు ఎత్తు ఆయనది.