బొక్క అని రాసిన చీటీ

మా డ్రెస్సరు చాచా పోయారు. బుధవారం పొద్దున నేను కత్తెరలు ఉడకబెడుతుంటే అమరచింత నుంచి ఆయన అల్లుడు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "మామ పోయిండు నర్సమ్మా. చాయ్ ఇద్దామని లేపితే లేవలే" అన్నాడు. గిన్నెలో నీళ్ళు పొంగి పొయ్యి ఆరిపోయినా నాకు దింపాలని తోచలేదు.

మా దవాఖాన చిన్నది. డాక్టరు గద్వాలలో ఉంటారు, గురువారం గురువారం రైలు దిగి వస్తారు. తక్కిన ఆరు రోజులూ పుండ్లు కడిగి కట్లు కట్టే చాచాయే అందరికీ దిక్కు. బండి మీద నుంచి పడ్డవాళ్ళు, ఎద్దు తన్నినవాళ్ళు ముందు ఆయన బల్ల దగ్గరికే వచ్చేవారు.

నేను హైదరాబాదులో నర్సు పని నేర్చుకుని, శరీరంలోని ప్రతిదానికీ ఇంగ్లీషు పేరు బట్టీపట్టి, కాస్త పొగరుగానే ఇక్కడికి వచ్చాను. మొదటి రోజే చాచా నన్ను నిలబెట్టి, "జబ్బ ఏడున్నది బేటీ?" అని అడిగారు. భుజమని చెప్పాను. "నోటితోని కాదు, ఏలు వెట్టి చూపియ్యి. పేరు పలికేటప్పుడు ఏలు దాని మీద ఉండాలె" అన్నారు. తుంటి, మోచిప్ప, పిక్క, చీలమండ, మడమ అన్నీ అలాగే చెప్పించారు. వారం రోజులు నన్ను నేను తడుముకుంటూ తిరుగుతుంటే, ఊడ్చే ఆయమ్మ చీపురు పక్కన పడేసి నవ్వింది.

ఊరివాళ్ళు దేనికైనా "చెయ్యి పోయింది" అనే అంటారు. చాచా ఊరుకునేవారు కాదు. "బెణికిందా, జారిందా, చిట్లిందా, ఇరిగిందా? నాలుగు మాటలు, నాలుగు తీర్ల కట్లు" అంటూ, రోగి అరుస్తున్నా సరే, సరైన మాట దొరికేదాకా నన్ను కదలనిచ్చేవారు కాదు. ఈయనకు మాటల పిచ్చి అనుకున్నాను. ఎవరు వచ్చినా మొహం చూడకుండా ముందు కాళ్ళకేసి చూడడమూ నాకు వింతగానే ఉండేది. ఇంట్లో మాంసం కూర తింటున్నప్పుడు కూడా "ఎముక పక్కకు పెట్టు" అనేవారట. మా వైపు అన్నం దగ్గర ఎముక అనేవాళ్ళెవరు? బొక్క అనే అంటాం. చాచీ అది చెప్పి నవ్వేది. చాచా నవ్వడం నేను చూడలేదు.

ఒకసారి డాక్టరుకు చీటీ రాస్తూ నేను బొక్క అని రాశాను. చాచా నా చేతిలోంచి కాగితం లాక్కుని ముక్కలు ముక్కలుగా చించారు. "గా మాట కాయితం మీద వెట్టకు!" అని అరిచారు. ఆయన గొంతు పెంచగా విన్నది ఆ ఒక్కసారే. నాకు ఏడుపొచ్చింది. మధ్యాహ్నం అరుగు మీద నా పక్కన కూర్చుని, తలెత్తకుండా సంగతి చెప్పారు.

నేను రాకముందు ఒక సోమవారం, బావి దగ్గర మోట తాడు తెగి గిలక ఊడిపడి ఒక రైతు ఇల్లాలి ఎడమకాలు విరిగింది. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. అప్పటి డాక్టరు కోస్తా నుంచి వచ్చిన కొత్త మనిషి, చాచా ఎప్పుడూ రాసే ఉర్దూ చదవలేరు. ఆమెను కదిలించడానికి భయపడి చాచా అక్షరం అక్షరం కూడబలుక్కుని తెలుగులో చీటీ రాసి పంపారు: "మోకాలి కింద బొక్క కనపడుతున్నది. కడిగి కట్టు కట్టిన." అది చదివితే ఏ డాక్టరైనా వచ్చే రైలుకే వస్తారని ఆయన నమ్మకం. మంగళవారం స్టేషనుకు వెళ్ళి ఎదురుచూశారు, బుధవారమూ వెళ్ళారు. డాక్టరు ఎప్పటిలాగే గురువారం దిగారు. అప్పటికి కాలు నల్లబడింది.

"మా వైపు బొక్కంటే కన్నమే కదయ్యా! ఏదో చిన్న గాయం, కట్టు కూడా కట్టావనుకున్నాను. ఎముకని ఎందుకు రాయలేదు?" అన్నారట డాక్టరు.

మోకాలి పైదాకా కాలు కోసేశారు. ఆ ఏడే డాక్టరు తన ఊరికి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు. చీటీ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆమె నెలకోసారి చంకకర్ర పొడుచుకుంటూ వచ్చేది. చాచా మమ్మల్నందరినీ బయటికి పంపి తెర దించేవారు. కోసిన చోట కట్టు మారుస్తున్నారనుకునేదాన్ని. ఎప్పుడో మానిన గాయానికి కట్టేమిటని ఒక్కనాడూ ఆలోచించలేదు, నా తెలివి అంత.

మంచాన పడ్డాక చూడ్డానికి వెళ్తే చాచా నా చెయ్యి పట్టుకున్నారు. "తెర దించినప్పుడల్లా చెప్దామనుకున్న బేటీ. నోరు రాలే. లేని కాలు నన్ను చూస్తున్నట్టే ఉంటుండె. నేను పోయినంక నువ్వన్న చెప్పు" అన్నారు. చెబుతానన్నాను. ఆ మాట ఎందుకిచ్చానా అని దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను.

ఆయన పోయిన రెండో వారం ఆమె వచ్చింది. అప్పటికే కబురు విన్నట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తెర నేనే దించాను. చీటీ, రెండు రోజుల ఆలస్యం, కన్నం అనుకోవడం, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

ఆమె కర్రను ఒళ్ళోకి లాక్కుంది.

"ఏం తప్పు జరిగిందో తెల్వదు గని, ఏదో జరిగిందని ఎర్కనే నర్సమ్మా" అన్నది. "కాలు కోసినంక కొన్నాళ్ళకు, లేని చీలమండ గుంజుతున్నదని వచ్చిన. డాక్టరు నవ్విండు. చాచా నవ్వలే. కింద కూసోని, ఏడ నొస్తున్నదో ఏలు వెట్టి చూపియ్యమన్నడు. గాలిల చూపిచ్చిన. నూనె తెచ్చి గాడనే రాసిండు. నెల నెలా రాసిండు. లేని కాలుకు నూనె ఊకెనే ఎవలు రాస్తరు?"

"మరి నువ్వెందుకు అడగలేదక్కా?"

"అడిగితే ఆయన ఇగ రాయడేమో అని భయం. మాఫ్ చెయ్యమంటే ఎన్నడో చేద్దును. అడగకపాయె." కొంగుతో మొహం తుడుచుకుంది. "గీ నెల మస్తు గుంజుతున్నది."

చీర కుచ్చిళ్ళు పక్కకు జరిపి, చంకకర్ర గోడకు ఆనించి, ఆమె నా వైపు చూసింది. నేను అరచేతిలో నూనె పోసుకుని ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. ఎంత పనిమంతురాలినైనా ఆ చోటికి చెయ్యి చాచడానికి భయం వేసింది. ఏమీ లేని చోట అరచెయ్యి నిలిపాను. ఆమె కళ్ళు మూసుకుంది.

"జర కిందికి" అన్నది.