మా అప్ప ఆట, అమ్మ మొక్కు

అప్ప అంటే మాకు అక్క. మా అప్ప ఉద్యోగం బంతాట. ఆ రోజుల్లో రంగూన్‌లో ఇలా చెబితే నవ్వేవారు గాని అది నిజం. ప్రభుత్వ శాఖలు ఒక్కొక్కటీ ఒక్కొక్క ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టును పోషించేవి. ఆడేవాళ్ళకు ఆఫీసులో ఒక కుర్చీ ఉండేది, కుర్చీ ముందు బల్ల ఉండేది, ఆ బల్ల మీద పని మాత్రం ఉండేది కాదు. పొద్దున వెళ్ళి కనబడి, మధ్యాహ్నం నుంచి కోర్టులో దిగడమే. జీతం మటుకు గుమాస్తా జీతం. పర్మనెంట్ అయితే బియ్యం, నూనె, చీటీ మీద బట్ట, అన్నిటికీ మించి ఉండటానికి ఒక గది.

ఆ గది మాకు కావాలి. నాన్న రైల్వే లోకోషెడ్డులో పనిచేసేవాడు. మింగళ తౌంగ్‌న్యున్‌లో రైల్వే వాళ్ళిచ్చిన గదిలో ఉండేవాళ్ళం. వానలు మొదలయ్యే వేళకు ఆయన రిటైరవుతాడు, గది ఖాళీ చెయ్యాలి. అంతకు కొన్నేళ్ళ ముందే సైనిక ప్రభుత్వం వచ్చి ఇండియావాళ్ళకు బతుకు లేకుండా చేస్తే మా సందులో సగం మందిని ఓడలు విశాఖపట్నానికి మోసుకుపోయాయి. అప్పకు ఆ గది దొరక్కపోతే మేమూ ఓడ ఎక్కాలి. శ్రీకాకుళం అవతల ఎక్కడో నాన్న పుట్టిన ఊరుంది. అప్ప గాని నేను గాని ఆ ఊరు చూసినవాళ్ళం కాదు. నేనప్పుడు ఒక బర్మీస్ దినపత్రికలో ప్రూఫులు దిద్దేదాన్ని, రోజుకూలీ మీద. నా జీతాన్ని నమ్ముకుని ఇల్లు నిలబడదు.

జట్టులో టెంపరరీ వాళ్ళు ఇద్దరు. ఒకరు మా అప్ప. రెండోది చిమిండైంగ్ నుంచి వచ్చే పొడుగుపాటి బర్మా అమ్మాయి, ఎడమచేతి వాటం. ఆ ఏడు పోటీలు అయ్యాక ఇద్దరిలో ఒకరినే పర్మనెంట్ చేస్తారని వాళ్ళ సయామా, అంటే కోచ్, చెప్పేసింది. నిర్ణయం శాఖ పైఅధికారిది. ఆయన ఒకప్పుడు మేజరు, ఇప్పుడు లుంగీ కట్టుకుని ఆఫీసులో కూర్చుంటాడు. అందరూ ఇప్పటికీ మేజరనే అనేవారు.

మా సందులో ఆడవాళ్ళకు అప్ప లాగు వేసుకుని గెంతడం ఒక వినోదం. కుళాయి దగ్గర ఒకావిడ అమ్మను రోజూ ఏదో ఒకటి అనేది.

“ఏటప్పా, బంతాడితే ఇల్లిస్తారంట నిజమేనా? మా గుంటడు రోజల్లా ఆ పని మీదే ఉంతాడు. మాకైతే వీది మొత్తం రాసిచ్చీయాల మరి!”

అమ్మ బిందె ఎత్తుకుని, “మీ గుంటడు బంతిని తంతాడు. మాది చేత్తో ఆడతాది. చేత్తో సేసిన పనికే కూడు,” అనేది.

బయట అలా అనేది గాని లోపల ఆమెకు భయం. ఆ భయంలోనే, ఎవరికీ చెప్పకుండా, అమ్మవారికి మొక్కేసింది. బిడ్డ ఉద్యోగం నిలబడితే బిడ్డ చేత గుండం తొక్కిస్తానని. వేసవిలో మా గుడి దగ్గర నిప్పుల గుండం వేస్తారు, మొక్కుకున్నవాళ్ళు వట్టికాళ్ళతో దాటుతారు. ఆట అంటే పరుగు, పరుగంటే కాళ్ళు, కాబట్టి ఆ కాళ్ళనే అమ్మవారికి చూపించాలని ఆమె లెక్క. మొక్కు ఫలించాక తొక్కేవాళ్ళు కొందరు, ముందే తొక్కేవాళ్ళు కొందరు. అమ్మ రెండో రకం. ఉద్యోగం ఇంకా రాకముందే పూజారి దగ్గరకు తీసుకెళ్ళి అప్ప ఎడమచేతికి కంకణం కట్టించేసింది. పసుపు దారం, దానికో పసుపు కొమ్ము. కట్టాక గుండం దాటేదాకా అది తెగకూడదు, విప్పకూడదు. ఒంటిపూట భోజనం. చెప్పులు లేవు.

“నీ సయామాకి సెప్పినావా?” అని అడిగాను అప్పని.

“సెప్తే ఊరుకుంతాదా? గుండంలో కాళ్ళెడతానంటే నన్ను తాళ్ళేసి కట్టీగలదు.”

“మరి వద్దనొచ్చు కదే అమ్మతోటి.”

“నువ్వను. నీ నోరు పేపర్లో పని సేస్తాది కదా, నువ్వే సెప్పు.”

నేనూ చెప్పలేదు. పోటీల్లో ఆఖరిదైన పెద్ద ఆట గుండం అయిపోయిన తరువాత వారం కదా అనుకున్నాం. కాళ్ళు ఏమీ కాలవు, మా మేనత్త తొక్కింది, ఏమీ కాలేదు. ప్రాక్టీసులో అప్ప మణికట్టు మీద జేబురుమాలు చుట్టుకుని ఆడేది. చెయ్యి బెణికిందని చెప్పింది.

అప్పుడు తేదీ మారింది. బహుమతులివ్వడానికి వచ్చే పెద్దమనిషికి ఆ వారం వీలు కాదట. ఆటను ముందుకు జరపమని పైనుంచి మాట వచ్చింది. పైనుంచి వచ్చిన మాటకు కారణం అడిగే అలవాటు అప్పట్లో ఎవరికీ లేదు. మా పత్రికలో ఆ రెండు లైన్ల ప్రూఫు నా బల్ల మీదికే వచ్చింది. చదివాక చాలాసేపు దానిలోని అక్షరాలను దిద్దలేకపోయాను. ఆట ఇప్పుడు గుండానికి ముందు పడింది. అప్ప కంకణంతో కోర్టులోకి దిగాలి, అదీ ఒంటిపూట తిండితో.

ఆ సాయంత్రం నేనూ అమ్మా ఇండోర్ స్టేడియానికి వెళ్ళాం. అప్ప ఆట చూడటానికి అమ్మ రావడం అదే మొదలు. బుగ్గలకు బర్మావాళ్ళ తనకా చెక్క గంధం రాసుకుని, పెట్టెలో దాచిన లుంగీ కట్టుకుంది. కింద ముందు వరసలో మేజరు కూర్చుని ఉన్నాడు, పక్కన ఖాళీ కుర్చీ, బహుమతులిచ్చే పెద్దమనిషి కోసం. మాకు మెట్ల మీద పై వరస.

ఆట మొదలవుతుందనగా రిఫరీ ఆడపిల్లలందరినీ వరసగా నిలబెట్టి చేతులు చూశాడు. గోళ్ళు, ఉంగరాలు, జడపిన్నులు. ఎదుటివాళ్ళకు గీరుకుంటాయని అది ఎప్పుడూ చేసేదే. అప్ప దగ్గర ఆగాడు. జేబురుమాలు మీద వేలితో నొక్కాడు. ఏదో అడిగాడు. అప్ప తల అడ్డంగా ఊపింది. కాసేపటికి ఈల వేశారు. ఎడమచేతి అమ్మాయి కోర్టులోకి నడిచింది, మా అప్ప బెంచీ మీద కూర్చుంది.

“ఎందుకే కూకోబెట్టీసినారు దాన్ని?” అంది అమ్మ.

“తరవాత దింపుతారేమో.”

తరవాత కూడా దింపలేదు. ఎడమచేతి అమ్మాయి బంతి వేస్తుంటే మేజరు పక్కనున్న గుమాస్తా వైపు వంగి ఏదో అడిగాడు. గుమాస్తా బెంచీ వైపు చూపించాడు. నేనిక కూర్చోలేక మెట్లు దిగి వెళ్ళాను.

బెంచీ వెనక సయామా గొంతు తగ్గించి తిడుతోంది. ఆమె గొంతు తగ్గించడం నేనెప్పుడూ వినలేదు. చేతిలో కట్లు కోసే కత్తెర ఉంది.

“ముందే చెప్పొద్దూ? పసుపుకొమ్ము గట్టిగా ఉంది, ఎవరి కంటికైనా తగులుతుంది, తియ్యకపోతే దిగనివ్వనంటున్నాడు రిఫరీ. అరగంట నుంచీ చెబుతున్నాను, తియ్యి.”

“మీరే కత్తిరించండి సయామా,” అంది అప్ప చెయ్యి చాపి.

సయామా కత్తెర ఎత్తింది. దారం కిందకు పోనిచ్చింది కూడా. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

“ఎవరికి కట్టింది ఇది? ఏ నాట్‌కి?” వాళ్ళ దేవతలను వాళ్ళు నాట్ అంటారు.

“మా అమ్మవారికి.”

“కోపిష్ఠా?”

అప్ప కంకణం వైపు చూసింది. సయామా కత్తెర బెంచీ మీద పెట్టేసింది. “నాకూ పిల్లలున్నారు. నేను కొయ్యను. నువ్వే కోసుకో.” తరవాత నా వైపు తిరిగి, “మేజరు ఈమె ఎందుకు ఆడటంలేదని అడిగాడు. కడుపునొప్పి అని చెప్పాను. నొప్పయితే ఇంటికి పొమ్మనండి అన్నాడు. విన్నావా? ఇంటికి పొమ్మన్నాడు,” అంది.

అప్పకు కూడా చెయ్యి రాలేదు. తన ఒక్కదాని సంగతి కాదది. ఆ ఏడు కంకణం కట్టుకున్నవాళ్ళంతా ఒకే గుండం దాటాలి. ఒకరిది తెగితే మిగతావాళ్ళకు కీడని మావాళ్ళ నమ్మకం. రేపు ఎవరి కాలు బొబ్బెక్కినా సందులో వేలు మా ఇంటివైపే తిరుగుతుంది.

నేను పైకి వెళ్ళి అమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె విన్నాక చెప్పులు విడిచి చేత పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. సగం ఆట అయి అందరూ విరామంలో ఉన్నారు. గేటు దగ్గరి మనిషి అడ్డుకున్నాడు. తనకున్న కొద్దిపాటి బర్మీస్‌తో, “నేను అమ్మని, నేను అమ్మని,” అంటూనే అతని చేతి కింది నుంచి దూరిపోయింది.

బెంచీ ముందు నేల మీద కూర్చుని అప్ప చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది.

“అమ్మా, ఏటి సేస్తన్నావు?”

“నోర్ముయ్.”

వంగి దారాన్ని పంటితో కొరికేసింది. జాకెట్టుకు గుండీ కుట్టేటప్పుడు కొరికినట్టే కొరికింది. పెదవులకు పసుపు అంటుకుంది. సయామా రెండడుగులు వెనక్కి వేసింది. ఆ తెగిన కంకణాన్ని అమ్మ తన చేతికి చుట్టుకుని, ఒక కొస పంటితో పట్టి బిగించింది.

“మొక్కినది నాను. తొక్కీది నాను. నువ్వు లెగు.”

“గుడికాడ ఏటంతావే?”

“అక్కడ మాటాడ్డానికి నాకు నోరుంది. లెగవే, ఇంటికి పొమ్మన్నాడంట నిన్ను!”

అప్ప లేచింది. ఆ సగం నాకు ఇప్పటికీ వరసగా గుర్తు లేదు. మా జట్టు చాలా వెనకబడి ఉంది. అప్ప పొట్టి మనిషి, ఆమె పని బంతిని అవతలివాళ్ళ చేతుల్లోంచి లాక్కుని పొడుగువాళ్ళకు అందించడం. ఎడమచేతి అమ్మాయి బుట్ట కింద నిలబడితే అప్ప చూడకుండానే ఆమె చేతికి బంతి పంపింది. ఒకే చోటుకోసం పోటీపడుతున్న ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆడినట్టు ఆడారు. ఒకసారి అప్ప కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. పై వరసల నుంచి ఎవడో “కలామా, పోయి పరోటా తిను!” అని ఇండియా ఆడవాళ్ళను వెక్కిరించే పేరుతో అరిచాడు, చుట్టూ నవ్వారు. ఆకలితో ఉందన్నది మాత్రం వాడు నిజమే చెప్పాడు. తేడా తగ్గుతూ తగ్గుతూ వచ్చింది. చివరి ఈలకు ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయారు. నేను ముందు వరస చూసేసరికి మేజరు కుర్చీ ఖాళీగా ఉంది. ఎప్పుడు లేచాడో, ఎంతవరకు చూశాడో తెలియలేదు.

గుండం రోజున అమ్మ తలస్నానం చేసి, తడిబట్టతో వెళ్ళి వరసలో నిలబడింది. పూజారి మా నాన్నతోపాటు షెడ్డులో పనిచేసి మానేసిన ముసలాయన. అమ్మ చేతికేసి చూసి వరసలోంచి పక్కకు పిలిచాడు.

“సెల్లీ, ఇది నీకు కట్టినది కాదు కదా.”

“మొక్కు నాది బాబూ.”

“మొక్కు నీదే. కంకణం దానిది. తెగిపోనాది మళ్ళీ కడితే కంకణం అవుద్దా? నువ్వు ముందర తొక్కి, నీ ఎనకాల వచ్చీవోళ్ళ కాళ్ళు కాల్తే నాను ఎవులికి జవాబు సెప్పాల?”

“నన్ను ఆకర్న వదిలీ. అందరూ దాటీసినాక దాటుతాను.”

“వద్దు సెల్లీ. తప్పుకో.”

అమ్మకు నోరుందంది గాని అక్కడ అది పనిచెయ్యలేదు. గుండం చుట్టూ కట్టిన తాడుకు ఇవతలకు వచ్చి మా పక్కన నిలబడింది. కుళాయి దగ్గరి ఆవిడ తన వంతుకు నిప్పులు దాటి, అవతల పాలగుంటలో కాళ్ళు పెట్టి, మమ్మల్ని చూసి ముఖం తిప్పుకుంది. ఆ రోజు ఎవరి కాళ్ళూ కాలలేదు. చివరి మనిషి దాటేదాకా అమ్మ పెదవులు లోపల కొరుక్కుంటూనే ఉంది. తరవాత అప్ప కాళ్ళకేసి చూసింది. అలా చూడటం అప్పుడు మొదలయింది.

ఆ తరువాత రోజుల్లో నాన్న ఓడ సంగతి కనుక్కోవడానికి ఒకసారి రేవు ఆఫీసుకు వెళ్ళొచ్చాడు. కుర్చీలో కూర్చోవడానికి అప్ప రోజూ ఆఫీసుకు వెళ్ళేది, తిరిగొచ్చేటప్పుడు మేం ముఖం చూసేవాళ్ళం. ఒకరోజు సయామాయే మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి నవ్వింది. మేజరుకు పేర్లు గుర్తుండవట. పర్మనెంట్ కాగితం మీద ఎవరి పేరు రాయాలని అడిగితే, “ఆ కడుపునొప్పి పిల్లది,” అన్నాడట.

నాన్న గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. నేను అప్పను పట్టుకుని ఊపేశాను. అమ్మ మాత్రం పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

“అమ్మవారు తన మాట నిలబెట్టీసింది,” అంది. “నాను నిలబెట్టలేదు. ఆ బాకీ నీ కాళ్ళ మీదుంతాది.”

“అయితే ఏటంతావు ఇప్పుడు?” అంది అప్ప.

“నువ్వు పడిపోకు.”

“పడకుండా ఆడీదెలాగే?”

శాఖ వాళ్ళిచ్చిన గదిలోకి వానలకు ముందే మారాం. ఎడమచేతి అమ్మాయి ఇంకో శాఖ జట్టులో చేరింది, తరవాత చాలా ఏళ్ళు ఎదురెదురుగా ఆడారు. మా అప్ప ఆ జట్టులో పదేళ్ళకు పైగా ఉంది. దేశం జట్టు సెలెక్షన్‌కు ఒకసారి పిలిచారు, పౌరసత్వం కాగితాలు చూసి వెనక్కి పంపారు. చిటికెన వేలు విరిగింది, ఒకసారి చీలమండ వాచి నెలరోజులు మంచం మీద ఉంది. అలాంటప్పుడల్లా అమ్మ చేసే పని ఆపి అప్ప కాళ్ళ దగ్గర కూర్చునేది. రంగూన్‌లో జరిగిన ప్రతి ఆటకూ వచ్చింది. బంతి ఎటుందో, ఎవరు వేశారో ఆమెకు పట్టేది కాదు. చూపు అప్ప మోకాళ్ళు దాటి పైకి పోయేది కాదు. పక్కనున్న నేను, అప్పటికి పత్రికలో ఆ ఆటల వార్తలు రాసే పని నాదే, క్రమంగా ఆమె చూసే చోటే చూడటం నేర్చుకున్నాను.

అప్ప తానుగా మానేసింది. కొత్త పిల్లలు తనకంటే వేగంగా ఉన్నారని, తన్నెవరైనా బెంచీ మీద కూర్చోబెట్టేలోగా తానే కూర్చుంటానని చెప్పింది. ఆట మానేసినా ఉద్యోగం, గది ఉంటాయి. ఆమె చివరి ఆటలో కూడా రెండుసార్లు పడింది, రెండుసార్లూ లేచింది. ఆఖరి ఈల అయ్యాక నడుచుకుంటూ బెంచీ దగ్గరకు వచ్చి, కూర్చుని, బూట్ల తాళ్ళు విప్పుకుంది. ఒక కాలు, తరవాత రెండో కాలు సిమెంటు మీద ఆనించింది.

అమ్మ వెనక్కి వాలి ఊపిరి వదిలింది. తల ఎత్తి, మొదటిసారి, ఎదురుగా గోడ మీది స్కోరు బోర్డు చూసింది. ఆమెకు ఆ అంకెలు చదవడం రాదు.

“ఎవులు గెలిసినారే?” అని అడిగింది.

సాయంత్రంలోగా పత్రికాఫీసుకు వార్త ఇవ్వాల్సింది నేను. నేను కూడా చూసుకోలేదు. ముందు వరసలో వాళ్ళనడిగి చెప్పాను.