బావగారి పెట్రోలు

ఎవరికీ చెప్పని బరువొకటి ఏళ్ళ తరబడి మోస్తున్నాను. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు చెప్పడం తేలిక. వినడానికిది చాలా చిన్న సంగతి. కారులో ఏ కంపెనీ పెట్రోలు కొట్టించాలన్న సంగతి.

మా ఆయన అప్పట్లో మస్కట్‌లో పనిచేసేవారు. సెలవుకొచ్చినప్పుడు కారు కొన్నారు. తిరిగి వెళ్తూ నాకు రెండు షరతులు పెట్టారు. రాజోలు రోడ్డులో తనకు నమ్మకమున్న బంకులోనే, అదీ ప్రీమియం పెట్రోలే కొట్టించాలి. గోదావరి పొంగినప్పుడు, పాయకు అడ్డంగా నేలబారుగా వేసిన కాజ్‌వే మీదికి కారు దింపకూడదు. బావగారు, అంటే ఆయన అన్నగారు, మా పక్కింట్లోనే ఉంటారు. కొబ్బరికాయల వ్యాపారం. కారు తాళం ఒకటి ఆయన దగ్గరే ఉండేది. ఆయనకు ఇంకో కంపెనీ ప్రీమియం మీద గురి. దానితో బండి బాగా లాగుతుందనేవారు. అన్నదమ్ములిద్దరూ ఫోనులో దీని గురించే వాదులాడుకుని, చివరికి నవ్వుకునేవారు. నిజానికి పెట్రోలు గురించి ఇద్దరికీ తెలిసింది గుండుసున్నా. మాట్లాడుకోవడానికి వాళ్ళకదొక సాకు.

ఒక శ్రావణంలో, ఆ కాజ్‌వే దాటాక గోదావరి నడుమ లంకలో ఉన్న మా పుట్టింటికి బయల్దేరాను. ముందురోజే బావగారు తనకు నచ్చిన బంకులో ట్యాంకు నింపించి, తమ్ముడికి చెప్పొద్దని నవ్వుతూ వెళ్ళారు. కాజ్‌వే మీద నీరు పారుతోంది. చీలమండ లోతే అనుకున్నాను. కారు ఇవతలే వదిలి పడవెక్కొచ్చు. కానీ పుట్టింటి గుమ్మం ముందు కారు దిగాలని నా సరదా. ఎందుకంత సరదా? మా వదిన చూడాలనా? అయ్యుంటుంది. నడిమధ్యలో ఇంజను ఆగిపోయింది. లంకవాళ్ళు తోసి ఒడ్డుకు చేర్చారు.

మెకానిక్ వచ్చి ఇంజనులోకి నీళ్ళు వెళ్ళాయన్నాడు. ఆ మాటే ఫోనులో మా ఆయనకు చెప్పాను. ఎలా వెళ్ళాయని అడిగారు. నిన్న బావగారు వేరే బంకులో కొట్టించారన్నాను. అంతే. కాజ్‌వే మాటెత్తలేదు. పెట్రోలులో నీళ్ళు కలిశాయని మిగతాదంతా ఆయనే అల్లుకున్నారు. నేను అబద్ధమాడలేదు కదా అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆయన అన్నగారిని అనరాని మాటలన్నారు. కుళ్ళుకొద్దీ తన కష్టార్జితాన్ని పాడుచేశారన్నారు. మర్నాడు బావగారు మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, నిజం చెప్పమ్మా. నేను కొట్టించిన పెట్రోలుతోనే ఆగిందంటావా?"

"నాకేం తెలుసండీ బావగారూ. మెకానిక్ అలాగే అన్నాడండి."

"ఆయ్. అయితే నాదే తప్పమ్మా. మంచిదనుకునే కొట్టించేను."

అక్కడ మాత్రం పచ్చి అబద్ధమే ఆడాను. ఆయన కారు తాళం కిటికీలో పెట్టి వెళ్ళిపోయారు. మళ్ళీ మా గడప తొక్కలేదు.

మామగారి తద్దినానికి మా ఆయన సెలవుపెట్టి వచ్చేవారు, అన్నదమ్ములు కలిసి పెట్టేవారు. ఇప్పుడు ఒకే రోజున, పక్కపక్క ఇళ్ళలో, వేరువేరుగా పెడుతున్నారు. మా ఆయన మస్కట్ వదిలి వచ్చేశాక కూడా అంతే. మొన్న తద్దినంనాడు గోడ అవతల బావగారు మంత్రం చెప్పడం వినపడింది. మా ఆయన చేస్తున్న పని ఆపి విన్నారు. అన్నయ్య గొంతు నీరసించిందన్నారు. అప్పుడే చెప్పాల్సింది. వడ్డనకు వేళైందంటూ వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఎందుకు చెప్పను? ఇన్నేళ్ళు అన్నను ఊరికే దూరం చేసుకున్నానని ఆయన కుమిలిపోతే చూడలేననుకుంటాను. అదీ సాకే. నా భయమంతా నా గురించే.

క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. క్షమించాల్సింది మీరు కాదు. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, అంతవరకే. కారును గోదాట్లోకి దింపింది నేను. బావగారి పెట్రోలులో చుక్క నీరు లేదు.