చెయ్యి తగిలిన లెక్క

వాన వెలిసి మూడో రోజు. కారు అద్దం దించగానే తడి ఇసుక వాసన, దాని వెనకే గొర్రె పెంట వాసన వచ్చాయి. ఖతర్‌లోని అల్ ఖోర్ పట్నం నుంచి గంట దూరంలో, చదునైన మైదానం మధ్యనున్న ఈ చిన్న ఊరికి పదకొండేళ్ళ తరువాత వచ్చాను. దిగి నడుస్తూ, పోయినవాటిని లెక్కబెట్టాను. రెండు దుకాణాల్లో ఒకటి లేదు. రొట్టెల బట్టీ లేదు. దర్జీ గది ఉంది, దర్జీ లేడు. ఊరి బయట తొమ్మిది గొర్రెల దొడ్లుండేవి, ఆరు పోయాయి. నీళ్ళ ట్యాంకు తుప్పుపట్టి ఒరిగింది, దాన్ని సగం పోయినట్టు లెక్కేసుకున్నాను. వీటికి బదులు మనుషులు ఇంకెక్కడో ఇంకేవో కట్టుకునే ఉంటారు. లచ్చయ్యకు మాత్రం బదులు లేదు.

లచ్చయ్య మా జగిత్యాల వైపు మనిషి. ఇక్కడ ఒక దొడ్డికి కాపరి. నేను అదే కంపెనీలో, అల్ ఖోర్ గోదాములో దాణా బస్తాలు మోసేవాణ్ణి. చదువు ఏడో తరగతితో ఆగింది. ప్రతి గురువారం దాణా బండిలో వచ్చి, గొర్రెలెన్నో కాగితం మీద రాసుకుని పోవడం నా పని. మొదటిసారి బండి మీద నిలబడే చూపుతో లెక్కబెట్టి రెండు వందల ఎనిమిది అన్నాను. లచ్చయ్య పడీపడీ నవ్వాడు. "నాలుగు నీ కడుపులకు పోయినయా తమ్మీ? దిగు కిందికి." దొడ్డి తలుపును రెండు గొర్రెలు పట్టేంత మాత్రమే తెరిచి, నన్ను పక్కన కూర్చోబెట్టాడు. వచ్చిన ప్రతి జత వీపు మీద చెయ్యి వెయ్యాలి. పది జతలు దాటగానే ఎడమ జేబులోని ఖర్జూరపు గింజ ఒకటి కుడి జేబులోకి మారాలి. ఆ రోజు పది గింజలు మారాయి, పైన ఆరు జతలు. రెండు వందల పన్నెండు. "కన్ను తొందరపడ్తది. చెయ్యి తగలంది రాయకు," అన్నాడు. నాకు ఉద్యోగమంతా ఆ మాటే నేర్పింది. కూడికలు, హెచ్చవేతలు నేనే కిందామీదా పడి నేర్చుకున్నాను. లెక్కకు ముందు చెయ్యాల్సింది ఆయన నేర్పాడు. రెండేళ్ళలో బస్తాలు దిగి, అన్ని దొడ్ల లెక్కలు రాసే కుర్చీకి ఎక్కాను.

నేను కుర్చీ ఎక్కిన చలికాలం వానలు బాగా పడి మైదానమంతా గడ్డి లేచింది. దోహా నుంచి జనం వచ్చి గుడారాలు వేసుకున్నారు, పోతూ ప్లాస్టిక్ సంచులు వదిలిపోయారు. గడ్డితోపాటు అవి తిని, రెండు రోజుల్లో లచ్చయ్య మందలో పదిహేడు గొర్రెలు పొట్టలుబ్బి చచ్చాయి. ఎప్పుడో ఒకటి చస్తే బండిలో వేసి పంపేవాడు. పదిహేడు బండి వచ్చేదాకా ఆగవు. మైదానంలో గుంత తవ్వి పూడ్చేశాడు. చచ్చిన గొర్రె చెవికి ఉన్న నంబరు బిళ్ళ కోసి ఆఫీసుకు పంపాలని కంపెనీ నియమం. ఆయన కొయ్యలేదు. "చచ్చినదాని చెవు మా ఇంట్ల ఎవ్వలు కొయ్యలే తమ్మీ. గుంత చూపిస్త, రేపొచ్చి చూసి రాసుకో," అని గురువారం బతిమాలాడు. పన్నెండు రోజుల్లో ఆయనకు రెండు నెలల సెలవు. టికెట్ వచ్చింది. ఊళ్ళో భార్య రాజవ్వకు కడుపులో గడ్డ. ఆయన ముఖం చూడందే ఆపరేషనుకు ఒప్పుకోనంటోంది.

"రేపు శుక్రవారం కదా కాకా, తర్వాత చూద్దాం," అన్నాను. శుక్రవారం దోహాలోని నజ్మాలో స్నేహితులతో బిర్యానీ తిన్నాను. ఆదివారం పొద్దున కాగితం ఇవ్వాలి. గుంత నేను చూడలేదు, బిళ్ళలు నా చేతికి రాలేదు. అందుకని చాలా నిజాయితీగా రాశాను: పదిహేడు లేవు.

మేనేజరు దాన్ని లచ్చయ్య అమ్ముకున్నాడని చదివాడు. "టాగ్ మాఫీ, ఛుట్టీ మాఫీ," అన్నాడు. మాఫీ అంటే అక్కడి మాటలో లేదని; బిళ్ళలు లేకపోతే సెలవు లేదు. కబురు అందిన మర్నాడే లచ్చయ్య గుంత తవ్వి, ఏ చెవులు కొయ్యనన్నాడో ఆ చెవులు కోసి, నూనె డబ్బాలో బిళ్ళలు పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. ఒక్కొక్కటీ ముట్టుకుని లెక్కబెట్టాను. పదిహేడూ ఉన్నాయి. మేనేజరు నావైపు తిరిగాడు. "చచ్చినప్పుడు నువ్వు చూశావా? లేక బతికినవాటి చెవులా ఇవి?" చూడలేదన్నాను. నేను వెళ్ళి చూడాల్సింది, వెళ్ళలేదు, తప్పు నాది అనే ముక్క నోటిదాకా వచ్చింది. కుర్చీ గుర్తొచ్చి మింగేశాను. విచారణ తేలేదాకా సెలవు లేదన్నారు. అది అయిదు నెలలు నడిచింది.

రాజవ్వ పోయిన కబురు వచ్చిన గురువారం నేను దొడ్డికి వెళ్ళాను. లచ్చయ్య తలుపు దగ్గరే కూర్చుని జతల వీపులు తడుముతున్నాడు. అయిపోయేదాకా తలెత్తలేదు.

"నూట తొంభై అయిదు. రాసుకో."

"కాకా, నేను..."

"నువ్వేం జేసినవ్‌రా? చెయ్యి తగలంది రాయలే. నేను చెప్పినట్టే చేసినవ్."

తిట్టినా బాగుండేది. విచారణలో ఏమీ తేలక ఆయన్ను ఇంటికి పంపేశారు. పోయేటప్పుడు నాకు చెప్పలేదు. రెండేళ్ళకు ఆయనా పోయాడని జగిత్యాల వైపు వాళ్ళు చెప్పారు.

ఇప్పటికీ గోదాములో ప్రతి బస్తా మీద చెయ్యి వేసే లెక్కబెడతాను. నా లెక్క తప్పదని పేరు. తప్పు లేకుండా రాసిన ఆ ఒక్క మాటకు బాకీ ఎంతో కూడా లెక్క కట్టి చూసుకున్నాను. టికెట్ తేదీ నుంచి రాజవ్వ పోయిన రోజుకు నలభై ఏడు రోజులు. ప్రయాణానికి ఒకటి తీసేశాను. ఆమె మంచం పక్కన ఆయన కూర్చోవాల్సినవి, నేను ఇవ్వాల్సినవి, నలభై ఆరు.